గుడ్డులాంటి ఆ సైకిల్ మన ఊరికి పనికొస్తుందా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. చంద్రగిరిలో ఇల్లు, తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర ఆఫీసు, పోవడానికే 13 కిలోమీటర్లు. బైకు మీద పోతే నడుము నొప్పి, మామూలు సైకిలైతే ఆఫీసు చేరేసరికి చొక్కా పిండుకోవాలి. ఈమధ్య వీడియోల్లో వెలోమొబైల్ చూశాను. మూడు చక్రాలు, వెనక్కి వాలి కూర్చుని తొక్కడం, చుట్టూ తొడుగు, సాయానికి చిన్న మోటారు. తెప్పించుకోమంటారా? మా ఆవిడేమో "మీరు దాంట్లో పోతుంటే పిల్లకాయలంతా వెనకాలే వస్తారు" అంటోంది.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: వద్దు సార్. మీ ఆవిడ చెప్పింది కూడా నిజమే కానీ నా కారణాలు వేరే.

ఆ తొడుగు ఒక్క ఎండావానల కోసమే కాదు, ముఖ్యంగా గాలిని కోయడానికి. సైకిల్ మీద 25 కిలోమీటర్ల వేగం దాటాక మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది, వేగం రెట్టింపైతే దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వాలి కూర్చుంటేనే ఎంత తేడా అంటే, ఫ్రాన్సులో షార్ల్ మోషే చేసిన అలాంటి సైకిల్ మీద 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ గంటలో 45 కిలోమీటర్లు తొక్కి పాత రికార్డు కొట్టాడు, మరుసటి ఏడాదే సైకిల్ సంఘం వాళ్లు ఇది అసలు సైకిలే కాదు పొమ్మన్నారు! దాని మీద తొడుగు కూడా వేస్తే నెదర్లాండ్స్ లాంటి బల్లపరుపు దేశంలో, సైకిళ్లకి వేరే దారి ఉన్నచోట, ఆగకుండా 35, 40లో పోవచ్చు. మీ దారిలో ఆగకుండా రెండు కిలోమీటర్లు పోయిన రోజు నాకు ఫోన్ చేయండి.

ఇక ఎండ. చలిదేశంలో ఆ తొడుగు స్వెట్టర్‌లా పనిచేస్తుంది, మే నెలలో 40 దాటే తిరుపతిలో అదే ఇడ్లీ పాత్ర. మామూలు సైకిల్ మీద కనీసం ఎదురుగాలికి చెమట ఆరుతుంది. మీ బాధే చెమట కదా.

రోడ్డు సంగతి ఇంకా ఉంది. కూర్చునేది నేలకి జానెడు ఎత్తులో, అడుగుభాగం ఇంకా కిందికి, మన స్పీడ్ బ్రేకర్లు కొన్ని కారు పొట్టనే గీస్తాయి. రెండు చక్రాలైతే గుంతని పక్కనుంచి తప్పించుకుంటాం, మూడు చక్రాలు మూడు గాడుల్లో పోతాయి కాబట్టి ఏదో ఒకటి దిగుతుంది. హైవే మీద లారీ డ్రైవర్‌కి మీరు కనబడరు, జెండా కట్టుకున్నా సరే, నాకు అన్నిటికన్నా భయం ఇదే. వానకి వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి నిండిన రోజు సంగతి చెప్పక్కర్లేదు.

కొత్తది ఆరేడు లక్షల పైమాటే, ఓడ ఖర్చూ కస్టమ్సూ వేరే. తొడుగు పగిలితే బాగుచేసేవాడు ఇక్కడ ఎవరు?

మీకు నేను చెప్పేది మామూలు బ్యాటరీ సైకిల్. హ్యాండిల్ ఎత్తుగా, సీటు వెడల్పుగా ఉన్నది చూసుకోండి, వంగక్కర్లేదు. నడుము మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. రానూపోనూ 26 కిలోమీటర్లకి యూనిట్‌లో మూడో వంతు కరెంటు కూడా పట్టదు. నేను ఏడాదిగా తిరుచానూరు నుంచి దాని మీదే వస్తున్నాను, పొద్దున ఎనిమిదిలోపు బయల్దేరితే చొక్కా పొడిగానే ఉంటుంది. సాయంత్రం తడుస్తుంది, ఇంటికే కదా. వాలి కూర్చోవాలనే ముచ్చట తీరకపోతే తొడుగు లేని మూడు చక్రాలది ఎక్కడైనా ఒక పూట తొక్కి చూడండి.

ప్రశ్న: బ్యాటరీ సైకిల్‌కి లైసెన్స్ కావాలా? కొట్టువాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: మోటారు 250 వాట్ల లోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి దాని సాయం ఆగిపోయి, తొక్కడం ఆపితే అదీ ఆగేదైతే లైసెన్స్ అక్కర్లేదమ్మా, నంబర్ ప్లేటూ అక్కర్లేదు. మంచి బ్రేకులు, ముందూ వెనకా వెలుతురుకి మెరిసే రిఫ్లెక్టర్లు ఉండాలి. దానికన్నా పెద్ద మోటారు పెట్టి "ఏం కాదులే" అని అమ్మేవాళ్లూ ఉన్నారు, అందుకని నోటిమాట నమ్మకు, వాట్లు ఎంతో బిల్లు మీద రాయించుకో. ఎండలో నిలబెట్టిన బ్యాటరీని రాగానే చార్జింగ్ పెట్టకు, ముందు చల్లారనివ్వు.