మిగులు సోలార్ కరెంటు బ్యాటరీలో దాచుకోవాలా? బాపట్లలో మా ఇంటి లెక్క

మీరు అడిగింది ఇదీ: ఇంటి మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కు, అంటే గ్రిడ్‌కు కలిపేది) ఉంది, గ్రిడ్‌కి పంపిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ ఉంది, నెలకు వంద యూనిట్ల దాకా మిగిలి గ్రిడ్‌కి పోతున్నాయి. వాటికి వచ్చే డబ్బు చాలా తక్కువ కాబట్టి, ఆ కరెంటేదో బ్యాటరీలో నింపుకుంటే మేలు కదా అని.

మాదీ 3 కిలోవాట్లే, బాపట్లలో. 2022లో బ్యాటరీ లేకుండా పెట్టించాం, 2024 వేసవిలో బ్యాటరీ చేర్చాం. రెండు రకాలుగానూ వాడాను కాబట్టి చెబుతున్నాను: బిల్లు తగ్గించుకోవడానికైతే బ్యాటరీ వద్దండి. కరెంటు పోయినప్పుడు ఇల్లు నడవడానికైతే పెట్టుకోండి, అదీ అవసరానికి సరిపోయేంతే.

ముందు డబ్బు సంగతి. మా ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్లు ఇస్తాయి. పగలు ఇంట్లో 4 ఖర్చవుతాయి, 8 బయటికి పోతాయి. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా 5 యూనిట్లు గ్రిడ్ నుంచి తీసుకుంటాం. నెట్ మీటరింగ్‌లో ఆ 5కి 5 చెల్లు. మధ్యాహ్నం మనం పంపిన యూనిట్ రాత్రి మనం వాడిన యూనిట్‌ను పూర్తిగా కొట్టేస్తుంది. అదే 5 యూనిట్లు బ్యాటరీ నుంచి తీసుకోవాలంటే అందులోకి ఐదున్నర దాకా నింపాలి, ఎక్కించడంలో, దించడంలో పదో వంతు పోతుంది. గ్రిడ్‌లో దాచుకుంటే ఆ నష్టం కూడా లేదు.

బ్యాటరీ ఖరీదు కూడా చూడండి. 5 యూనిట్లు పట్టే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి నాకు లక్షా ఇరవై వేలయింది, హైబ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ నడిచేది) ఖర్చు వేరే. పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి రోజుకు 4.5 యూనిట్లు వాడుకోవచ్చు. పదేళ్లపాటు ఒక్క రోజు కూడా మానకుండా వాడితే 16,400 యూనిట్లు. అంటే ఒక్కో యూనిట్‌ను మధ్యాహ్నం నుంచి రాత్రికి దాచడానికే 7 రూపాయల పైన పడుతుంది, వడ్డీ కలపకుండానే. ఆంధ్రప్రదేశ్‌లో 400 యూనిట్లు దాటిన స్లాబ్ ధర 9.75 కదా, 7 రూపాయలు నయమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కానీ ఆ 9.75 యూనిట్‌ను నెట్ మీటర్ ముందే కొట్టేసింది. బ్యాటరీ వచ్చి కొత్తగా మిగిల్చేది ఏమీ ఉండదు.

ఇక మీ వంద యూనిట్లు. చాలామంది పొరబడేది ఇక్కడే. అవి మీ రాత్రి వాడకం కూడా చెల్లిపోయాక మిగిలినవి. రాత్రికే అక్కర్లేని కరెంటును బ్యాటరీలో నింపి ఎవరు వాడతారు? మే నెల ఎండను డిసెంబరు దాకా దాచే బ్యాటరీ ఇంటికి రాదు. వాటికి ఊరికే తక్కువ డబ్బు వస్తోందని బాధగా ఉంటే వాడకం పెంచండి. మేం ఇండక్షన్ స్టవ్ మీద అన్నం, పప్పు, కూరలు మొదలుపెట్టాక గ్యాస్ సిలిండర్ దాదాపు రెట్టింపు రోజులు వస్తోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచన ఉంటే మీ మిగులు దానికి చక్కగా సరిపోతుంది. ఒకసారి నిండా ఛార్జింగ్ పెట్టడానికి మూడు నాలుగు యూనిట్లే. ఆ పెట్రోలు డబ్బే మీ అసలు లాభం.

బ్యాటరీతో లాభపడేవాళ్లు లేరని కాదు. మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. అక్కడ 2023 ఏప్రిల్ 15 నుంచి సోలార్‌కు దరఖాస్తు పెట్టినవాళ్లకు యూనిట్‌కు యూనిట్ చెల్లు తీసేశారు. మధ్యాహ్నం పంపిన కరెంటుకు కొద్ది సెంట్లే ఇస్తారు, సాయంత్రం కొనేటప్పుడు దానికి ఎన్నో రెట్లు తీసుకుంటారు. ఆ తేడా బ్యాటరీ ఖర్చును మించుతుంది కాబట్టి అక్కడ కొత్త సోలార్ ఇళ్లలో చాలావరకు బ్యాటరీ పెడుతున్నారు. రేపు మన దగ్గర కూడా నెట్ మీటరింగ్ పోయి నెట్ బిల్లింగ్ (అక్కడిలాగే పంపినదానికి ఒక ధర, కొన్నదానికి వేరే ధర) వస్తే నా లెక్కంతా తిరగబడుతుంది. అప్పుడు చూడాల్సింది ఒకటే: కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఆ 7 రూపాయలను దాటిందా లేదా.

మరి నేనెందుకు పెట్టించానంటే, మిచౌంగ్ తుపాను వల్ల. 2023 డిసెంబరు 5న అది మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా వీధికి కరెంటు మూడో రోజు రాత్రికి గాని రాలేదు. రెండో రోజుకే మబ్బు విడిపోయి ఎండ కాసింది. మిద్దె మీద ప్యానెళ్లు మెరుస్తున్నాయి, కింద ఇంట్లో ఫ్యాన్ తిరగదు, ఫ్రిజ్ పనిచేయదు, అందులో అమ్మ కొత్త ఇన్సులిన్ సీసాలు. ఐస్ కోసం ఊరంతా తిరిగాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా సోలార్ ఉంటే కరెంటు పోదనే అనుకున్నాం, బిగించినవాళ్లు కూడా చెప్పలేదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును చూసుకుంటూ నడుస్తుంది. లైన్‌లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, ఆగిపోయేలానే చేస్తారు. స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటే మన ఇంటి నుంచి కరెంటు వెనక్కి పాకి అతని ప్రాణం మీదికి రాకూడదని. ఆ నియమం ఉండాల్సిందే.

హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే గ్రిడ్ పోగానే లైన్‌తో తెగి, బ్యాటరీ ఆధారంగా ఇంటికి మాత్రం కరెంటిస్తుంది, పగలు ప్యానెళ్లతో బ్యాటరీని మళ్లీ నింపుతుంది. మేం ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, వైఫై మాత్రమే విడదీసి దానికి కలిపించాం. ఎలక్ట్రీషియన్‌కు ఒక రోజు పని. ఏసీని కలపలేదు, టన్నున్నర ఏసీ ఆగకుండా తిరిగితే మూడు గంటల్లో బ్యాటరీని తాగేస్తుంది. నీళ్ల మోటారునూ కలపలేదు, స్టార్ట్ అయ్యేటప్పుడు అది లాగే కరెంటు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు. తుపాను కబురు రాగానే ట్యాంకు నింపి పెట్టుకుంటాం.

మీ ఊళ్లో కరెంటు గంటో రెండు గంటలో పోయి వస్తుంటే లిథియం దాకా వెళ్లక్కర్లేదు. మామూలు ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలు. దానిలో 1.8 యూనిట్లు పడతాయి, సగమే వాడితే ఎక్కువ కాలం మన్నుతుంది. ఆ సగంతోనే రెండు ఫ్యాన్లు, లైట్లు నాలుగైదు గంటలు నడుస్తాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రం మరిచిపోకుండా పోయాలి.

లిథియం తీసుకుంటే మిద్దె మీది రేకుల గదిలో పెట్టించకండి, వేడి దాని ఆయుష్షు తినేస్తుంది. మాది కింద హాలు పక్కన గోడకు, వాన నీళ్లు వచ్చినా అందనంత ఎత్తులో బిగించాం. నెట్ మీటర్ ఉంది కాబట్టి రోజూ ఖాళీ చేసి నింపే పని పెట్టుకోలేదు. మామూలు రోజుల్లో 70 శాతం దగ్గర ఉంచుతాను, ఎప్పుడూ నిండా ఉంచితే ఎండాకాలంలో త్వరగా పాతబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే సెట్టింగ్ 100కి మారుస్తాను.

మీ ఇన్వర్టర్ మోడల్, మీ దగ్గర ఎంతసేపు కరెంటు పోతుందో రాయండి. ఉన్నదానికే బ్యాటరీ కలపొచ్చా, ఇన్వర్టర్ మార్చాలా అన్నది వాటిని బట్టి చెబుతాను.