జీడి తొక్క: ముందు నూనె తీయండి, తర్వాతే కాల్చండి

కాశీనగర్ దగ్గర జీడి తొక్కతో బ్రికెట్ల (పొయ్యిలో కాల్చే, నొక్కి చేసిన ఇంధన దిమ్మల) యూనిట్ పెడదామనుకుంటున్నారు, దాంతోనే ఇథనాల్ కూడా చేయొచ్చా అని అడిగారు. ఇథనాల్ సంగతి వదిలేయండి. వ్యర్థాలతో ఇథనాల్ చేయాలంటే వరిగడ్డి లాంటి పీచు సరుకు కావాలి, దాన్ని ఆవిరితో, యాసిడ్‌తో మెత్తబరిచి, ఎంజైములతో చక్కెర చేసి, ఆ పైన పులియబెట్టాలి. 2022లో పానిపట్‌లో ప్రారంభించిన ప్లాంటుకే ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి కావాలి, దాన్నుంచి 3 కోట్ల లీటర్లు తీస్తారని లెక్క, అంటే టన్నుకి 150 లీటర్లు. మనబోటి వాళ్లు చేసే పని కాదు.

తొక్క గురించైతే చెప్పగలను. పర్లాకిమిడిలో మా బావ జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఆరేళ్లు బాయిలర్ చూసుకున్నాను. మొదటి ఏడాది, తొక్క ఊరికే వస్తోంది కదా అని పచ్చి తొక్కే పొయ్యిలో వేసేవాళ్లం. మంట బ్రహ్మాండంగా లేచేది గానీ నల్లటి పొగ, గొంతు మంట, పక్కింటివాళ్లు ఆరేసుకున్న బట్టల నిండా మసి. ఓ రోజు బూడిద లాగుతుంటే సగం కాలిన తొక్కల్లోంచి ముదురు పాకంలా జీడి కారుతోంది, అది మణికట్టుకి అంటి బొబ్బలెక్కి పది రోజులు చర్మం ఊడుతూనే ఉంది. మేం ఇన్నాళ్లూ నూనె తగలేస్తున్నామని అప్పుడు తెలిసింది.

తొక్క బరువులో దాదాపు పావు వంతు ఆ నూనే. అందులో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం, వేడి చేస్తే అది కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అవుతుంది (అప్పుడు బాగా నురగొస్తుంది, పాత్ర నిండా పోయకండి). బ్రేక్ లైనింగులకీ, ఓడలకి వేసే రంగులకీ కావలసింది అదే. మరుసటి ఏడాది ఎక్స్‌పెల్లర్ (నూనె పిండే మిషన్) పెట్టి నూనె తీసి, మిగిలిన పిప్పితోనే బాయిలర్ నడిపాం. పొగ బాగా తగ్గింది, పిప్పి ఇంకా మిగిలేది కూడా. మీరు బ్రికెట్లు చేయాల్సింది ఆ పిప్పితోనే.

కాబట్టి మిషన్ కొనకముందే చుట్టుపక్కల యూనిట్లతో తొక్కకి మాట్లాడుకోండి, వానాకాలం సరుకుకి షెడ్డు వేయండి, తడిస్తే ఎక్స్‌పెల్లర్ సరిగ్గా ఆడదు. పొల్యూషన్ బోర్డు అనుమతి ముందే తీసుకోండి. తొక్క ఎత్తే ఆడవాళ్లకి మంచి గ్లవ్స్ ఇవ్వండి, ఆ ఖర్చు దగ్గర మాత్రం దయచేసి వెనకాడకండి.