రోజూ పొద్దున్నే తుమ్ములు: సెట్రిజిన్ వేసుకున్నా ముక్కుదిబ్బడ ఎందుకు పోదు?

నిద్ర లేవగానే తుమ్ములు మొదలవుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది పరుపు, దిండు. వాటిలో డస్ట్ మైట్లనే కంటికి ఆనని పురుగులుంటాయి. వాటి విసర్జన పొడి పడనివాళ్లలో శరీరం ఐజీఈ యాంటీబాడీలనే అలర్జీ ప్రొటీన్లను తయారుచేస్తుంది. ఆ పొడి మళ్లీ తగలగానే ముక్కులోని మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు, తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అలర్జీ మాత్ర సెట్రిజిన్ ఈ హిస్టమిన్‌ని అడ్డుకుంటుందే గానీ లోపలి వాపును పెద్దగా తగ్గించదు. అందుకే తుమ్ములు ఆగినా దిబ్బడ మిగిలిపోతుంది.

దానికి సరైన మందు ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. డాక్టర్ రాసిస్తే రోజూ వాడాలి. చాలామంది రెండ్రోజులు కొట్టి పనిచేయలేదని పక్కన పడేస్తారు. పూర్తి ఫలితానికి రెండు వారాలు పట్టొచ్చు. కొట్టే తీరు కూడా ముఖ్యం. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, మొన అదే వైపు చెవి దిక్కుగా ఉంచి కొట్టండి. మధ్య గోడకు కొడితే రక్తం రావచ్చు. గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి జారిపోతుంది.

క్షణాల్లో ముక్కు తెరిచే ఆక్సీమెటజోలిన్ చుక్కలంటే అందరికీ మోజే. 3–5 రోజులు మించితే మాత్రం దిబ్బడ ఇంకా ముదురుతుంది.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఎండలో వేయడం మంచిదే, కానీ పేరుకున్న పొడి ఉతికితేనే పోతుంది.

ఏది పడట్లేదో చర్మంపై చిన్నగా గుచ్చి తేల్చే స్కిన్ ప్రిక్ పరీక్షకు వెళ్లేముందు, డాక్టర్‌ని అడిగి సుమారు వారం ముందే సెట్రిజిన్ ఆపాలి. లేకపోతే అలర్జీ ఉన్నా లేనట్టే చూపిస్తుంది.