పాత రాజ్‌దూత్ 350కి ప్లగ్ వైర్లు మార్చడం గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న రాజ్‌దూత్ 350ని మళ్లీ రోడ్డెక్కించావని తెలిసి చాలా సంతోషించాను. అయితే వాన తుంపర పడితే చాలు ఎడమ సిలిండరు మిస్సింగ్ కొడుతోందనీ, మెకానిక్ రెండుసార్లు కార్బొరేటర్లు విప్పి కడిగినా గుణం కనిపించలేదనీ రాశావు. ఆ కార్బొరేటర్లను ఇక కదపవద్దు. పొడిగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, తడి తగిలితేనే మొరాయించే బండిలో ముందుగా అనుమానించవలసింది ప్లగ్ వైర్లను, వాటి కొసన ప్లగ్గు మీద కూర్చునే క్యాపులను. బ్యాటరీ కరెంటు వోల్టులను పెంచే కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే కరెంటు పది వేల వోల్టుల పైమాటే. ఏళ్ల తరబడి ఎండకు, ఇంజను వేడికి రబ్బరు గట్టిపడి సన్నగా పగిలితే, ఆ పగుళ్లలో చేరిన తేమ వెంట కరెంటు దారిలోనే ఫ్రేముకో సిలిండరు రెక్కలకో దూకిపోతుంది. ఇక ప్లగ్గు దగ్గర స్పార్కు పడదు.

అనుమానాన్ని రూఢి చేసుకోవడం తేలికే. చీకటి పడ్డాక, పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఆరుబయట ఇంజను నడుస్తుండగా వైర్ల మీద నీళ్లు సన్నగా చిలకరించు. కరెంటు కారుతున్న చోట నీలి మెరుపు కనిపిస్తుంది, టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. ఆ సమయంలో వైర్లను చేత్తో ముట్టుకోవద్దు. ఏ మెరుపూ కనిపించకపోతే ఇంజను ఆపి, మల్టీమీటరుతో క్యాపును విడిగా కొలిచి చూడు. రెసిస్టరు, అంటే కరెంటుకు నిరోధం కల్పించే ముక్క, ఉన్న క్యాపు సాధారణంగా ఐదు వేల ఓముల దరిదాపుల్లో చూపాలి. మీటరు అసలు కదలకపోతే లోపలి రెసిస్టరు తెగిపోయినట్టే. నా అనుభవంలో వైరు నడుమ తెగడం కంటే క్యాపులు పోవడమే ఎక్కువ.

కొనేటప్పుడు రంగు చూసి, ఖరీదు చూసి మోసపోవద్దు. పాయింట్ల ఇగ్నిషన్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును సమయానికి తెంచి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చులే పాయింట్లు) ఉన్న నీ బండికి లోపల రాగి తీగలున్న ఏడు మిల్లీమీటర్ల మామూలు వైరు చాలు. కార్లకు వాడే కార్బన్ వైరు వేయకూడదు. దాని లోపల ఉండేది నూలు వంటి పోగు కాబట్టి క్యాపులోని స్క్రూ దాన్ని గట్టిగా పట్టుకోలేదు. రెసిస్టరు క్యాపు, రెసిస్టరు ప్లగ్గు, కార్బన్ వైరు మూడూ కలిస్తే పాత కాయిల్ ఇచ్చే స్పార్కు మరింత బలహీనపడుతుంది. ప్లగ్గు పేరులో ఆర్ అక్షరం ఉందేమో గమనించు: బీ8హెచ్‌ఎస్ మామూలుది, బీఆర్8హెచ్‌ఎస్ రెసిస్టరు ఉన్నది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికితే మంచి వైరు మీటర్ల లెక్కన దొరుకుతుంది. పాత ముక్కను వెంట తీసుకువెళ్లి, దాని కంటే బెత్తెడు ఎక్కువే తీసుకో.

కొనడానికి ముందే ట్యాంకు దించి కాయిళ్లను పరిశీలించు. కొన్నిటికి వైరు మూతితో బిగించి ఉంటుంది, ఊడదీసి కొత్తది పెట్టవచ్చు. మరికొన్నిటికి వైరు కాయిల్‌తో కలిపి పోతపోసి ఉంటుంది; దాన్ని గుంజితే కాయిలే పాడవుతుంది. అలాంటి చోట వైరు ఇంకా మెత్తగా ఉంటే చివర కత్తిరించి కొత్త క్యాపు వేయి. గట్టిపడిపోతే కాయిల్‌నే మార్చు. కొత్త కాయిల్ పాయింట్ల బండికి తగినదై ఉండాలి. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న సీడీఐ బండ్ల కాయిల్‌లో, కరెంటు లోపలికి వచ్చే ప్రైమరీ చుట్ట నిరోధం చాలా తక్కువ కాబట్టి, దాన్ని ఇక్కడ తగిలిస్తే పాయింట్లు కాలిపోతాయి.

పని మొదలుపెట్టేటప్పుడు ఇంజను పూర్తిగా చల్లారాలి, పెట్రోలు కాక్ మూసి ఉండాలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి ఉండాలి. రెండు వైర్లూ ఒకేసారి తీయవద్దు. ఒకటి పూర్తిగా అమర్చాకే రెండోదాని జోలికి వెళ్లు. ఈ ఇంజనులో ఒక పిస్టను పైనున్నప్పుడు రెండోది కింద ఉంటుంది, ప్రతి సిలిండరుకూ దాని పాయింట్లు, దాని కాయిల్ వేరు. వైర్లు తారుమారైతే పిస్టను అడుగున ఉన్నప్పుడు స్పార్కు పడుతుంది, ఎన్ని కిక్కులు కొట్టినా బండి అందుకోదు.

ఇక అసలు శ్రద్ధ పెట్టవలసింది కొసల దగ్గర. వైరు ఎంత మంచిదైనా కొస సరిగా కూర్చోకపోతే ఫలితం శూన్యం. పాత వైరునే వాడుతున్నట్లయితే, ఆకుపచ్చ చిలుము పట్టిన భాగం పోయి మెరిసే రాగి కనిపించేదాకా కొద్దికొద్దిగా కోయి. కోత నిలువుగా, సమంగా ఉండాలి. తీగలను చీల్చి విడదీయకుండా, క్యాపులోని స్క్రూ సరిగ్గా వాటి నడిమధ్యకు దిగేలా ఆనించి, క్యాపును కుడివైపు తిప్పుతూ ఎక్కించు. పక్కకు పోతే స్క్రూ రబ్బరులో దిగుతుంది. బిగువుగానే తోస్తుంది కానీ రాగికి తగలదు. బిగించాక మెల్లగా లాగి చూసి, ఆపైన మీటరుతో ఈ కొస నుంచి ఆ కొసకు కొలిస్తే సందేహం మిగలదు. క్యాపు రబ్బరు అంచుల లోపల సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే వాన నీరు చొరబడదు. మీరు విశాఖ సముద్రపు గాలిలో ఉంటున్నారు కనుక ఈ గ్రీజు మాత్రం మానవద్దు. కొన్ని క్యాపులు ప్లగ్గు తలమీది చిన్న నట్టుతోనే పడతాయి, కొన్ని ఆ నట్టు తీస్తేనే పడతాయి. బలవంతంగా నొక్కకుండా ముందే చూసుకో.

వైరును సిలిండరు రెక్కలకు ఆనించకుండా, ట్యాంకు కింద నలగకుండా, హ్యాండిల్ తిప్పినప్పుడు లాగుడు పడకుండా తీసుకురా. మిగతా కరెంటు వైర్లతో కలిపి కట్ట కట్టవద్దు, ఇనుప క్లిప్పు వేయవద్దు.

స్పార్కు చూడాలనుకుంటే, విప్పిన బ్యాటరీ వైరును మళ్లీ తగిలించి, తాళం ఆన్ చేసి, ప్లగ్గును క్యాపులోనే ఉంచి, దాని ఇనుప ఒంటిని సిలిండరు హెడ్డుకు ఆనించి, తీసిన ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి కిక్ కొట్టు. క్యాపును గాలిలో వదిలేసి కొడితే దారిలేని కరెంటు కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చవచ్చు. అంతా బిగించాక రాత్రి నీళ్ల పరీక్ష మళ్లీ చేయి. తరువాత ఇంజను బాగా వేడెక్కేదాకా ఒక చుట్టు తిరిగి వచ్చి రెండు ప్లగ్గుల రంగు పోల్చు. రెండూ కాఫీ రంగులో ఉంటే బండికి ఇక ఏ మరమ్మతూ వద్దు. ఎడమది మాత్రం ఇంకా నల్లగా తడిగా ఉంటే ఆ వైపు పాయింట్లను, అవి కాలకుండా కాపాడే కండెన్సరును చూసి, ఏం కనిపించిందో నాకు వివరంగా రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న