ఏడాదికి నాలుగు రోజులు నా పాటల కోసం అడిగితే తప్పా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, నా భార్యకు 31. హైదరాబాద్‌లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచి నాకు ఇండీ ఫోక్ పాటలంటే ప్రాణం. గిటార్ పట్టుకుని సొంతంగా రాసుకుని పాడేవాళ్లు, చిన్న చిన్న బ్యాండ్లు ఎక్కడ వాయిస్తున్నా వెళ్లేవాణ్ని. పెళ్లయిన కొత్తలో అరుణాచల్‌ప్రదేశ్‌లో జరిగే జిరో సంగీత ఫెస్టివల్‌కు నా భార్యనూ తీసుకెళ్లాను. తనకూ బాగా నచ్చింది. తర్వాత పుణెలో వీకెండర్ అనే మ్యూజిక్ ఫెస్టివల్‌కూ కలిసి వెళ్లాం. ఇప్పుడు మాకు పది నెలల బాబు. ఈ సెప్టెంబరులో మళ్లీ జిరో వెళ్దామని స్నేహితులు నలుగురు అంటే నేనూ టికెట్ కొన్నాను. రెండు వారాల తర్వాత ఇంట్లో చెప్పాను. ‘సరే, వెళ్లిరా’ అంది. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. రాత్రిళ్లు ఒక్కతే కూర్చుని ఏడవడం కూడా చూశాను. అడిగితే ‘ఏం లేదు’ అంటోంది. తెనాలి నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అమ్మ నన్ను ‘పిల్లాడు పుట్టినా ఈ పాటల పిచ్చేంట్రా’ అని తిడుతుంది. నా భార్యతోనేమో ‘మగాడన్నాక నాలుగు రోజులు తిరిగొస్తాడు, దానికి మొహం ముడుచుకుంటే ఎలా’ అంటుంది. నాకు వేరే అలవాట్లేవీ లేవు. ఏడాదికి నాలుగు రోజులు నా కోసం అడగడం స్వార్థమా? తనను ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాటలంటే ప్రాణమనే మనిషి కొన్ని రోజులు ఆ పాటల మధ్య గడపాలనుకోవడం స్వార్థం కాదు. ఇయర్‌ఫోన్స్‌లో వినే పాట వేరు. పాడేవాళ్లు ఎదురుగా నిలబడి, ఆ పాట ఎలా పుట్టిందో రెండు ముక్కలు చెప్పి, గిటార్ శ్రుతి చేసుకుని మొదలుపెడితే వినడం వేరు. అందులోనూ జిరో. 2012లో మొదలైన ఆ ఫెస్టివల్‌లో వేదికలను అక్కడి అపతానీ గిరిజనులు వెదురుతో కడతారు. పగటి వేదికకు సూర్యుడి పేరు, రాత్రి వేదికకు చంద్రుడి పేరు. చుట్టూ వరి పొలాలు, వాటి వెనుక కొండలు. ఈశాన్య రాష్ట్రాల జానపద గాయకులు పాడిన చోటే దేశంలోని మిగతా ఊళ్ల బ్యాండ్లూ పాడతాయి. ఒకసారి చూసొచ్చినవాళ్లకు మళ్లీ మనసు లాగుతుందంటే నేను నమ్ముతాను.

కానీ మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన మాట ఒకటుంది. ‘తనకూ బాగా నచ్చింది’ అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆ లోయలో టెంట్‌లో మీతో పాటు పడుకుని, ఆ బురదలో మీతో పాటు నిలబడి పాటలు విన్న మనిషి ఆమె. పుణెకూ వచ్చింది. బాబు పుట్టాక ఆమెకు అవన్నీ ఆగిపోయాయి. మీకు ఆగలేదు. నలుగురు స్నేహితులు ‘వస్తావా’ అని మిమ్మల్ని అడిగారు. ఆమెను ఎవరూ అడగలేదు, చివరికి మీరు కూడా. రెండు వారాలు దాచి, ఆ తర్వాత సమాచారం ఇచ్చారు. పాటల మీద కోపం ఉన్న మనిషైతే మొదటిసారే మీ వెంట వచ్చేది కాదు. తన సంతోషం గురించి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదన్నదే ఆమె బాధ అయ్యుంటుందని నాకనిపిస్తోంది.

మీరు నాలుగు రోజులంటున్నారు. ఆ లెక్కా ఒకసారి సరిచూసుకోండి. హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కడి నుంచి రాత్రంతా రైల్లో నహర్లగున్, ఆపైన సుమోలో నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు. 2022లో ఈటానగర్‌లో విమానాశ్రయం వచ్చింది కానీ అక్కడ దిగినా రోడ్డు ప్రయాణం తప్పదు. పోను, రాను కలిపితే ఇంచుమించు వారం. ఆ వారమంతా పళ్లొస్తున్న, పాకుతున్న, రాత్రికి రెండు మూడు సార్లు లేచే పిల్లాడితో ఆమె ఒక్కతే ఉండాలి. పొద్దున్నే లాగిన్ అవ్వాలి. మీ అమ్మగారి మాటలూ పడాలి. ‘అమ్మ ఉంది కదా’ అని మీరు అనుకుని ఉంటారు. అమ్మ ఉండటం మీకు ఎంత ధైర్యమో, ఈ పరిస్థితిలో ఆమెకు అంత టెన్షన్. ఈ పది నెలల్లో ఆమెకు తన కోసమంటూ నాలుగు గంటలు ఎప్పుడైనా దొరికాయా? జవాబు నాకు అక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

మీరు అడగని విషయం ఒకటి, అన్నిటికంటే ముందు చూడాల్సింది. రాత్రిళ్లు ఒక్కతే ఏడుస్తోందని రాశారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి నెలలోనే రావాలని లేదు, ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. బాబు పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ‘నేను మంచి తల్లిని కాను’ లాంటి మాటలు రెండు వారాలకు మించి ఉంటే గైనకాలజిస్టుకో, సైకియాట్రిస్టుకో చూపించాలి. ‘నీకేదో అయింది’ అనకండి. ‘నువ్వు బాగా అలసిపోయావు, ఒకసారి డాక్టర్‌ని కలుద్దాం, నేనూ వస్తాను’ అనండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరైనా చేయవచ్చు. చనిపోవాలనిపిస్తోందన్న మాట గానీ, బాబుకు ఏదైనా చేసేస్తానేమోనన్న భయం గానీ వినిపిస్తే ఒక్క పూట కూడా ఆగకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఎలా ఒప్పించాలని అడిగారు. ఒప్పించవద్దు. ఈ సెప్టెంబరు ప్రయాణం మానుకోండి.

‘ముగ్గురం వెళ్తే?’ అనే ఆలోచన వస్తే అదీ వద్దు. సెప్టెంబరు చివర్లో అక్కడ ఇంకా వానలుంటాయి, రాత్రి చలి, టెంట్లు. దానికి తోడు స్పీకర్ల హోరు. పెద్దవాళ్లు వెళ్లే కచేరీల్లోనే శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పసిపిల్లల చెవులు అంత కూడా తట్టుకోలేవు.

మానుకునే తీరు కూడా ముఖ్యమే. ‘నీ కోసం మానేశాను’ అన్నారంటే అది ఆమె నెత్తిన అప్పు పెట్టడమే. బాబు నిద్రపోయాక ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. ‘నిన్ను అడక్కుండా టికెట్ కొన్నాను, అలా చేసి ఉండాల్సింది కాదు. ఈసారి వెళ్లను’ అని చెప్పి ఊరుకోండి. తర్వాత ఆమె ఏమన్నా వినండి. పాత విషయాలు తవ్వవచ్చు, గట్టిగా అరవవచ్చు, అసలు ఏమీ మాట్లాడకపోవచ్చు. మధ్యలో మీ వైపు వాదన వినిపించకండి. స్నేహితులకు ఫోన్ చేసినప్పుడు కూడా ‘మా ఆవిడ వద్దంది’ అనకండి. ఆమె వద్దనలేదు. ‘బాబు చిన్నవాడు, నేనే రావట్లేదు’ అనండి.

పాటలు మానేయమని మాత్రం నేను చెప్పను. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉండనే ఉంది. నగరంలో చిన్న కచేరీలు ఇంకొన్ని చోట్ల జరుగుతూనే ఉన్నాయి. మొదటి వంతు ఆమెది. ఒక శనివారం సాయంత్రం ఆమెను తన స్నేహితురాలితో పంపించండి. బాబుకు స్నానం, తిండి, నిద్ర అన్నీ మీరే చూసుకోండి, అమ్మకు అప్పగించకుండా. ‘డైపర్లు ఎక్కడున్నాయి’ అని మధ్యలో ఫోన్ చేయకండి. ఆమెకు వెళ్లాలని లేకపోతే బలవంతం చేయవద్దు, తలుపేసుకుని హాయిగా పడుకున్నా సరే, ఆ సాయంత్రం ఆమెదే. మీ వంతు తర్వాతి నెల.

వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే ఇద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చు. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో 2007 నుంచి శరత్ పౌర్ణమి రోజుల్లో జానపద సంగీత ఉత్సవం జరుగుతోంది. రాజస్థాన్‌లో తరతరాలుగా పాటే వృత్తిగా బతికే లంగా, మాంగణియార్ కులాల గాయకులు అక్కడ పాడతారు. ఊళ్లోనే హోటల్ ఉంటుంది, డాక్టర్ ఉంటాడు. అప్పటికి బాబుకు దాదాపు రెండేళ్లు వస్తాయి. ఒక సాయంత్రం మీరు కోటలో, ఆమె గదిలో. మర్నాడు ఆమె కోటలో, మీరు గదిలో. జిరో ఎక్కడికీ పోదు. ఒక ఏడాది మీరు, ఒక ఏడాది ఆమె, బాబు పెద్దయ్యాక ముగ్గురూ.

మీ అమ్మగారి విషయం మీరే చూసుకోవాలి, భార్య మీదకు నెట్టకూడదు. ‘తనను ఏమీ అనకమ్మా, అనాల్సింది ఏదైనా ఉంటే నన్నను’ అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. ‘పాటల పిచ్చి’ అన్నందుకు నొచ్చుకోకండి. తెనాలి మనిషి కదా, శ్రీరామనవమి పందిళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసి, ‘వన్స్ మోర్’ అనే జనం మధ్య కూర్చున్న రోజులు ఆమెకూ ఉండే ఉంటాయి. ఎప్పుడైనా తీరిగ్గా అడగండి, చెబుతారు.

మీ భార్యతో మాట్లాడాక, జిరో టికెట్‌ను వేరే ఎవరి పేరు మీదకైనా మార్చే వీలుందేమో నిర్వాహకులను అడగండి. వీలు కాక ఆ డబ్బు పోయినా సరే, నా సలహా ఇదే.