ఆ 0.73 ఎక్కడ?

అమ్మాయ్,

నీళ్లలో కలిపినవి ప్రోటీన్‌ను ఏం చేస్తాయో చెప్పే నీ వ్యాసం అందింది. నీళ్లు 50, ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు కలిపితే 97 కూడా నిండని సంగతితో మొదలుపెట్టడం బాగుంది. తర్వాతి పేజీలోనే నాకు కోపం తెప్పించావు. 'యూరియాను చూసి ప్రోటీన్ భయంతో విడిపోతుంది' అట! భయమేమిటి? యూరియా అణువులు ముడుచుకున్న ప్రోటీన్ గొలుసుకు అంటుకుంటాయి. గొలుసు విచ్చుకుంటే అంటుకోవడానికి ఇంకా చోటు దొరుకుతుంది, అందుకే విచ్చుకున్న రూపం గెలుస్తుంది. గ్లిసరాల్, అదే గ్లిజరిన్, దీనికి ఎదురు, ప్రోటీన్ పక్కన నీళ్లనే ఎక్కువగా మిగిలిస్తుంది.

ఇదంతా ఎలా తెలిసిందో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. నా గొడవంతా అదే. కొలత చెప్పకుండా ఫలితం చెబితే అది పురాణం.

గ్లిసరాల్ కలిపిన నీళ్లలో ప్రోటీన్ కరిగించి సాంద్రత చూస్తారు. తర్వాత దాన్ని, ప్రోటీన్‌ను ఆపి చిన్న అణువుల్ని పోనిచ్చే పొర సంచిలో కట్టి, అదే మిశ్రమంలో నానబెట్టి మళ్లీ చూస్తారు. ప్రోటీన్ నీళ్లనే పక్కన ఉంచుకోవడంతో గ్లిసరాల్ కొంత బయటికి పోతుంది. అది నీళ్లకన్నా బరువు కాబట్టి సంచిలో సాంద్రత తగ్గి, ప్రోటీన్ ఎక్కువ చోటు తీసుకున్నట్టు లెక్క తేలుతుంది. ఆ తేడాలోనే కథంతా ఉంది. 1980లలో జీవరసాయన శాస్త్రవేత్త తిమాషెఫ్ బృందం పట్టుకున్నది దీన్నే.

గ్రాము ప్రోటీన్ నీళ్లలో తీసుకునే చోటు 0.73 ఘన సెంటీమీటర్ల దరిదాపు. నీ వ్యాసంలో ఆ అంకె ఏదీ? లీటరుకు 5 గ్రాములు వేస్తే సాంద్రత పెరిగేది ఘన సెంటీమీటరుకు 0.0014 గ్రాములు, అంతే. 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే అందులో ఐదో వంతు గల్లంతు. ఇది రాస్తే పాఠకుడికి టెన్షన్ పుడుతుంది, నీ భయాలూ ప్రేమలూ అక్కర్లేదు.

ఒకప్పుడు నేనొక ల్యాబ్‌లో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. సాంద్రత కొలిచే, కంపించే యు ఆకారపు గాజు గొట్టంలో చిన్న గాలి బుడగ చేరితే కొలత మొత్తం పాడు. దాన్ని వదిలించలేక ఒక కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు. అదంతా రాసి పంపితే, వారపత్రిక సంపాదకుడు బుడగనీ అంకెల్నీ కొట్టేసి 'అణువుల అద్భుత లోకం' అని శీర్షిక పెట్టాడు. అంకెలుంటే జనం చదవరట! క్రికెట్ స్కోరు చదవరా? ఇప్పటి వాళ్లూ అంతే, అయిదు నిమిషాల్లో సైన్స్ కావాలి వాళ్లకు.

పారితోషికం గురించి అడిగావు. తర్వాత చూద్దాం. ముందు యూరియా పేరా తిరగరాసి పంపు. బొమ్మలు వద్దు, పొర సంచి గురించి మాత్రం వదలకు.