వైయక్తికతా, వ్యక్తివాదమా?

సందేహం: డీఎస్సీకి చదువుతున్నాను. నోట్సుల్లో వ్యక్తిత్వం, వైయక్తికత, వ్యక్తివాదం అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. మూడూ ఒకటేనా? ‘వైయ్యక్తిక’ అని రాస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, అశోక్‌నగర్, హైదరాబాద్

సమాధానం: మూడూ వేరు. ‘వ్యక్తి’ అంటే సంస్కృతంలో మొదటి అర్థం వెల్లడి కావడం, విడిగా తేటపడటం. వ్యక్తం, అభివ్యక్తి ఆ కుదురువే. మనిషి అనే అర్థం తెలుగులో బలపడింది.

ఒక మనిషిని మరొకరి నుంచి వేరుగా నిలిపే గుణం వైయక్తికత (ఇండివిడ్యువాలిటీ). తేట తెలుగులో సొంతదనం. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అనే సామెత చెప్పేది దీన్నే. వ్యక్తివాదం (ఇండివిడ్యువలిజం) గుణం కాదు, అభిప్రాయం: సమాజం కన్నా వ్యక్తికీ అతని స్వేచ్ఛకూ పెద్దపీట వేయాలనడం. కాబట్టి దాన్ని ఒప్పుకోవచ్చు, ఖండించవచ్చు. ఎటూ తేలకపోతే ‘ఒకటో తరగతి పిల్లవాడికి కూడా ఉంటుంది’ అని చేర్చి చూడండి. వైయక్తికత ఉంటుంది. వ్యక్తివాదం ఉంటుందంటే నవ్వొస్తుంది. ‘ఇజం’ కనబడగానే ‘వాదం’ తగిలించే అలవాటు వల్లే ఈ చిక్కు. ఆటిజానికి ఎవరూ వాదం చేర్చలేదు కదా!

వ్యక్తివాదమంటే స్వార్థమనీ రాస్తున్నారు. ఫ్రెంచి రచయిత టోక్‌విల్ 1840లోనే ఈ రెంటినీ విడదీశాడు. అతని లెక్కలో స్వార్థం తన మీద తనకున్న మితిమీరిన ప్రేమ. వ్యక్తివాదం ఇంటివాళ్లు, స్నేహితులతో చిన్న వలయం గీసుకుని మిగతా లోకాన్ని దాని మానాన వదిలేయడం. మన ‘ఎవరికి వారే యమునా తీరే’కు ఇది దగ్గర.

ఈ తేడా పట్టించుకోకపోతే అర్థం తలకిందులయ్యే చోటు ఆస్ట్రియా మనోవైద్యుడు ఆడ్లర్ సిద్ధాంతం. 1911లో మనోవిశ్లేషణ ఆద్యుడు ఫ్రాయిడ్‌తో విడిపోయి అతను నెలకొల్పింది వైయక్తిక మనోవిజ్ఞానం (ఇండివిడ్యువల్ సైకాలజీ). ‘ఇండివిడ్యువల్’కు మూలార్థం విడదీయరానిది; మనిషిని ముక్కలు చేయకుండా అఖండంగా చూడాలని ఆ పేరు. పైగా అతని దృష్టిలో మానసిక ఆరోగ్యానికి గీటురాయి తోటివారిపై ఆసక్తి. దాన్ని ‘వ్యక్తివాద మనోవిజ్ఞానం’ అంటే అతను చెప్పినదానికి ఎదురు చెప్పినట్టే.

వ్యక్తిత్వం వ్యవహారంలో శీలం, ఆత్మగౌరవం వైపు వెళ్లిపోయింది. ‘వ్యక్తిత్వం ఉన్న మనిషి’ అంటాం. అందుకే పాఠ్యపుస్తకాలు పర్సనాలిటీకి ‘మూర్తిమత్వం’ వాడతాయి. (కచ్చితంగా రాస్తే మూర్తిమత్త్వం. ఇప్పుడు దాన్ని దిద్దబోవడం వృథా.) ‘వ్యక్తిత్వత’ మాత్రం తప్పు. త్వం, త రెండూ ఒకే పని చేసే ప్రత్యయాలు, ఒకటి చాలు.

‘పిల్లల మధ్య వ్యక్తిగత విభేదాలను టీచరు గుర్తించాలి’ అని రాస్తే పిల్లలు కొట్టుకుంటున్నారనుకుంటారు. వైయక్తిక భేదాలు అనండి.

ఇక ‘వైయ్యక్తిక’. వి + అక్తి కలిసి వ్యక్తి అయింది. ‘ఇక’ ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి (అ ఆగా, ఇ ఐగా మారడం) రావాలి. కానీ ఇలా సంధిలో పుట్టిన యకారం ఉంటే ఆ వృద్ధి రాదు, యకారానికి ముందు ‘ఐ’ వచ్చి చేరుతుంది: వ్ + ఐ + యక్తిక. న్యాయం నైయాయికుడైనట్టు, వ్యాకరణం వైయాకరణుడైనట్టు. యకారం ఒక్కటే, యవొత్తు ఉచ్చారణలో చొరబడినది. వ్యక్తివాదానికి ప్రతిపక్షం రాయాల్సి వస్తే సమష్టివాదం అని రాయండి, ‘సమిష్టి’ వద్దు.